అద్దె ఫ్లాట్‌లో కరెంటు షాక్: గీజర్ నుంచి ఎర్త్ గొయ్యి దాకా నా అనుభవం

జూన్ 11న మొదలైన మా ఇంటి కరెంటు గొడవ ఆగస్టు మొదటి వారానికి గానీ తేలలేదు. మేముండేది హైదరాబాద్ మోతీనగర్‌లో, ఇరవయ్యేళ్ళ నాటి అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తు. మొత్తం 12 ఫ్లాట్లు. మా అద్దె 18,000. ఓనరు అంకుల్ వాళ్ళు హనుమకొండలో ఉంటారు. అద్దెకున్న ఇంట్లో ఇలాంటిది వస్తే ముందు ఎవర్ని పిలవాలి, వచ్చినవాళ్ళు ఏం చెబుతారు, ఎంతవుతుంది, ఎవరు పెట్టుకోవాలి... ఇవేవీ అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మర్నాడు బడులు తెరుస్తున్నారని 11 సాయంత్రం పాపకి తలంటు పోద్దామని గీజర్ వేశాను. అప్పుడే వానలు మొదలయ్యాయి, బాత్రూమ్ గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. పాప నల్లా తిప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మా, నల్లా కరుస్తోంది" అంది. ఆటలాడుతోందనుకుని వేలు వెనక్కి తిప్పి నేనూ తాకాను. జివ్వుమని మోచేతి దాకా పాకింది. పాపని ఎత్తుకుని బయటికొచ్చి గీజర్ స్విచ్, ఆపైన మెయిన్ కూడా ఆపేశాను. చీకట్లో హాల్లో కూర్చుంటే పావుగంట దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పిల్ల తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఆ ఆలోచన తర్వాత చాలా రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు.

వాచ్‌మన్‌కి తెలిసిన కుర్రాడు 13 సాయంత్రం వచ్చాడు. గీజర్ వేసి నల్లాకి టెస్టర్ పెడితే వెలిగింది, ఆపేస్తే ఆరిపోయింది. "గీజర్ పోయిందక్కా, ప్లగ్ తీసి పక్కన పెట్టండి" అన్నాడు. అంతవరకు సరిగ్గానే చెప్పాడు. వంటింట్లో ఒవెన్, కెటిల్ ఒకేసారి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోందని చెబితే, డీబీ (ఎంసీబీలన్నీ ఉండే డబ్బా) తెరిచి అక్కడున్న 16 యాంప్స్ ఎంసీబీ తీసి 32ది పెట్టాడు. "ఇక పడదు" అన్నాడు. సామానుతో కలిపి 450 తీసుకున్నాడు. ఎంసీబీ నిజంగానే ఇక పడలేదు. ఆ తర్వాతి గండానికి కారణం అదే.

16వ తేదీ ఆదివారం గీజర్ మెకానిక్ వచ్చి ట్యాంకు దించి కాయిల్ బయటికి లాగాడు. బోరు నీళ్ళ సున్నం దాని మీద వేలంత మందాన పేరుకుంది. ఒకచోట కాయిల్ రేకు చీలి లోపలి తెల్లటి పొడి బయటికి వచ్చింది. "ఇక్కడి నుంచే నీళ్ళలోకి కరెంటు దిగుతోంది మేడమ్" అని చూపించాడు. కొత్త కాయిల్, కూలి కలిపి 1,100. గీజర్ మాది కాబట్టి ఆ ఖర్చు మాదే.

కానీ ఆయన బిగించి వెళ్ళిపోకుండా ఇంకో పని చేశాడు, అందుకు ఆయనకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. ప్లగ్ పెట్టేముందు గోడ బోర్డు విప్పి చూశాడు. మూడు రంధ్రాల్లో పైన ఉండే పెద్ద రంధ్రం వెనక వైరే లేదు. లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ వైరు ఆ పాయింట్ దాకా లాగనే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతే అయ్యుంటుంది. "కాయిల్ ఎప్పుడైనా పోతుంది మేడమ్. పోయినప్పుడు కరెంటు ఎర్త్‌లోకి వెళ్ళిపోవాలి. మీకు దారే లేదు, అందుకే నల్లాలోకి వచ్చింది. ఇది సరిచేయించేదాకా గీజర్ వేయకండి" అన్నాడు. ఆ రోజు నుంచి గ్యాస్ మీదే స్నానాల నీళ్ళు.

ఆ సాయంత్రమే ఓనరు అంకుల్‌కి ఫోన్ చేశాను. "ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదమ్మా. మా అబ్బాయి కూడా నాలుగేళ్ళున్నాడు ఆ ఇంట్లో. గీజర్ మీదే కదా, అదే పాడై ఉంటుంది" అన్నారు. ఎర్త్ వైరు లేదని చెబితే, "అగ్రిమెంట్‌లో చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్ళవే అని రాసుకున్నాం కదమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. కానీ మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాత రెండు మూడుసార్లు మెసేజ్ పెడితే "చూద్దాం" అని ఒక్క ముక్క జవాబు. ఆ పది రోజులు నాకు కోపం కంటే ఒంటరితనం ఎక్కువనిపించింది. మన డబ్బుతో చేయిద్దామంటే గోడ మనది కాదు, ఊరుకుందామంటే ఇంట్లో పిల్ల ఉంది.

జూన్ 27 రాత్రి వంట చేస్తుంటే చేపలు మాడుతున్న వాసన వచ్చింది. మేం చేపలు వండుకోలేదు. కింది ఫ్లాట్ వాళ్ళేమో అనుకున్నాం. కిటికీ మూసినా పోలేదు. మా ఆయన గోడ వెంట వాసన చూసుకుంటూ వెళ్ళి ఒవెన్ ప్లగ్ దగ్గర ఆగారు. సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి మెత్తబడి ఉంది, చెయ్యి పెట్టలేనంత వేడి. మెయిన్ ఆపేశాం. ఇది మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి: స్విచ్ బోర్డుల ప్లాస్టిక్ వేడెక్కితే మొదట పొగ రాకపోవచ్చు, ఇలా చేపల్లాంటి నీచు వాసన రావచ్చు.

కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే రెండు గంటల్లోపే లైన్‌మన్ వచ్చాడు. కింద మీటర్ బోర్డు దగ్గర అంతా చూసి, సర్వీస్ వైరు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) బిగించి, "మీటర్ దాకా బాగానే ఉందమ్మా. అక్కడి నుంచి లోపలిది మీ ఓనరు చూసుకోవాలి" అన్నాడు. అది వాళ్ళ పని కాకపోయినా పైకి వచ్చి డీబీ చూశాడు. 32 ఎంసీబీ చూడగానే, "ఎవరు పెట్టారిది? లోపల ఒకటిన్నర (చదరపు మిల్లీమీటర్ల) వైరుంది" అని గట్టిగా అడిగాడు. వైరు ఎంత మోయగలదో దాన్ని బట్టి ఎంసీబీ ఉండాలట. వైరు సన్నగా ఉండి ఎంసీబీ పెద్దదైతే, అది పడేలోపే వైరు కాలిపోతుంది. మునుపు 16ది మాటిమాటికీ పడుతోందంటే అది మమ్మల్ని కాపాడుతోందన్నమాట. ఆయన ఆ వంటింటి లైన్ వైరు డీబీలోంచి తప్పించి, మిగతా ఇంటికి కరెంటు ఇచ్చి వెళ్ళాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

29న ఇంటి రిపేర్ల యాప్‌లో బుక్ చేస్తే యూనిఫామ్ వేసుకున్న అబ్బాయి వచ్చాడు. సాకెట్ మారుస్తానన్నాడు గానీ వైరింగ్ తమ పనిలోకి రాదన్నాడు. గీజర్ పాయింట్ చూపిస్తే, "ఎర్త్ లేకపోతే ఏముంది మేడమ్, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్‌కి కలిపేస్తా, షాక్ రాదు" అన్నాడు. మా ఆయన తమ్ముడు విశాఖలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. అప్పటికప్పుడు ఫోన్ చేస్తే, "వదినా, వద్దంటే వద్దు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడిందంటే గీజర్ బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి" అన్నాడు. చూసి వెళ్ళినందుకు 249 ఇచ్చి పంపేశాం. ప్లగ్‌కి మూడో పిన్ను కోసేయమని, చెప్పులేసుకుని స్నానం చేయమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎవరైనా ఇలాంటివి చెబితే దయచేసి ఒప్పుకోకండి.

జూలై మొదటి వారంలో వాషింగ్ మెషిన్ కూడా చురుక్కుమనడం మొదలైంది. ఇది నన్ను బాగా భయపెట్టింది. గీజర్ ప్లగ్ తీసే ఉంది, వంటింటి లైన్ కట్ అయి ఉంది, మరి ఇదెక్కడిది? అదీ ఎప్పుడూ రాదు. ఒక్కోసారి తాకితే ఏమీ ఉండదు, పావుగంట తర్వాత తాకితే చురుక్. మా ఆయనకి చూపిద్దామంటే ఆయన తాకినప్పుడు రాదు. "నీకు భయం పట్టుకుంది" అన్నారు. ఆ మాటకి ఆ రోజు నేను ఏడ్చాను.

మెయిన్ రోడ్డు మీద ఎలక్ట్రికల్ షాపు ఆయన్ని అడిగితే బోరబండలో ఉండే ఒక పెద్దాయన నంబరిచ్చారు. అందరూ చాచా అంటారట, మేమూ అలాగే పిలిచాం. ఫోన్ చేసిన నాలుగో రోజుకి, జూలై 10న వచ్చారు. "ఆషాఢం కాబట్టి దొరికాను బేటా. శ్రావణం వచ్చిందంటే గృహప్రవేశాలు, నాకు తీరికుండదు" అన్నారు. ఇళ్ళ పని పెట్టుకునేవాళ్ళకి ఇది పనికొచ్చే మాట.

అంతకుముందు వచ్చినవాళ్ళందరి చేతిలో టెస్టర్ మాత్రమే ఉంది. చాచా మీటర్ తెచ్చారు. హాల్లో ప్లగ్ పాయింట్ దగ్గర కూర్చుని నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని చూపించారు. ఫేజ్‌కీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ మధ్య 229 వోల్టులు, అది సరే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువ ఉండకూడదట. మాకు 83 చూపించింది. కాసేపాగి చూస్తే 9. ఇంకాసేపటికి మళ్ళీ 80 దాటింది. తర్వాత మా మెయిన్ మొత్తం ఆపేసి ఎర్త్‌ని చూశారు. అంతే ఉంది.

"వైరు ఉంది బేటా, కానీ అది భూమిలోకి పోవట్లేదు. కింద ఎక్కడో తెగింది. ఈ బిల్డింగ్‌లో ఎవరింట్లోనో ఏదో లీకవుతోంది. అది భూమిలోకి పోయే దారి లేక ఎర్త్ వైరు పట్టుకుని అందరి ఇళ్ళలోకీ వస్తోంది. మీ మెషిన్‌లో తప్పేం లేదు" అన్నారు. నేను పిచ్చిదాన్ని కాదని ఆ మీటర్ మీద అంకె చెప్పినట్టయింది. వెంటనే ఆ రీడింగ్ వీడియో తీశాను. తర్వాత అందరితో మాట్లాడటానికి నా దగ్గరున్న బలం ఆ వీడియోనే.

ఇల్లంతా చూడటానికి చాచాకి గంటన్నర పైనే పట్టింది, 800 తీసుకున్నారు. ఒక కాగితం మీద మూడు పనులు రాసిచ్చారు. వంటింటికి, గీజర్‌కి డీబీ నుంచి కొత్త వైర్లు ఎర్త్‌తో సహా లాగాలి. డీబీలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకవగానే ఆపేసే స్విచ్) పెట్టాలి. కింద, అందరి ఎర్త్ వైర్లూ భూమిలోకి దిగే ఎర్త్ గొయ్యి బాగు చేయించాలి. మూడోది మన ఒక్కరి చేతిలో లేదన్నారు. వాషింగ్ మెషిన్ మాత్రం అది అయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు.

ఓనరు అంకుల్‌కి ఆ కాగితం, వీడియో, కాలిన సాకెట్ ఫొటోలు పంపాను. ఈసారి ఫోన్ ఆయనే చేశారు. 14వ తేదీ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. చాచా కూడా వచ్చి వంటింటి బోర్డులోంచి తీసిన వైరు ముక్కని ఆయన చేతిలో పెట్టారు. వంచితే పైతొడుగు పెళుసుగా విరిగి పొడిలా రాలింది, లోపలి రాగి నల్లబడి ఉంది. అంకుల్ దాన్ని చాలాసేపు చూశారు. "పాప వంటింట్లో తిరుగుతుంది కదమ్మా" అన్నారు. ఆయన మనవరాలిదీ మా పాప వయసే.

తర్వాత డబ్బు సంగతి. ఈ మాట మొదలుపెట్టడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, కానీ ముందే చదువుకుని కూర్చున్నాను. కేంద్రం 2021లో రాష్ట్రాల కోసం తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో ఒక పట్టిక ఉంది. లోపలి, బయటి ఎలక్ట్రికల్ వైరింగ్ యజమాని వంతు. స్విచ్చులు, సాకెట్లు, సర్క్యూట్ బ్రేకర్లు, గీజర్ రిపేర్లు అద్దెకున్నవాళ్ళ వంతు. యజమాని చేయించకపోతే అద్దెకున్నవాళ్ళు చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ సగం అద్దె దాటకూడదు అని కూడా ఉంది. ఇది రాష్ట్రాలకి నమూనా మాత్రమేనని అంకుల్‌కి నేనే చెప్పాను. మన ఇద్దరికీ న్యాయంగా ఉండే లెక్క కావాలి కాబట్టి దీన్ని పట్టుకుందామన్నాను. "చట్టం దాకా ఎందుకమ్మా, అడిగితే ఇవ్వనా" అని కొంచెం నొచ్చుకున్నారు. కానీ లెక్క మాత్రం అలాగే ఒప్పుకున్నారు. పట్టిక ప్రకారం బ్రేకర్లు మా వైపు వస్తాయి. అయినా ఇల్లు ఉన్నంతకాలం ఉండేవి కదా అని అవి కూడా తనే పెట్టుకుంటానన్నారు. సాకెట్లు మావి. మాట్లాడుకున్నదంతా ఆయన ముందే వాట్సాప్‌లో టైప్ చేసి పంపించాను, ఆయన "ఓకే" అని జవాబిచ్చారు. అదే మా రాతకోత.

18, 19 తేదీల్లో పని జరిగింది. దీని గురించి ఎవరూ ముందు చెప్పని విషయాలు చాలా ఉన్నాయి. రెండు రోజులూ పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడేదాకా కరెంటు ఉండదు. ఫ్రిజ్ ఖాళీ చేసి పాలు, దోసెల పిండి పక్కింటికి పంపాం. మొదటి రోజు మర్చిపోయిన పెరుగు పులిసిపోయింది. గోడ లోపలి పైపుల్లోంచి పాత వైరు లాగి కొత్తది పంపడం చిటికెలో పని అనుకున్నాం. వంటింటి వైపు పైపులో సిమెంటు గడ్డకట్టి వైరు లాగే స్ప్రింగ్ కూడా దూరలేదు. గోడ పగలగొట్టాలా అని మళ్ళీ హనుమకొండకి ఫోన్. చివరికి పైకప్పు వారగా తెల్లటి ప్లాస్టిక్ పట్టీ కొట్టి అందులోంచి లాగారు. చూడటానికి ఏమంత బాగోదు. నాకైతే ఆ పట్టీ చూస్తే ధైర్యంగా ఉంటుంది, లోపల ఏముందో నా కళ్ళతో చూశాను కాబట్టి.

వైరు కొనడానికి చాచాతో మా ఆయన వెళ్ళారు. వైరు మీద పొడుగునా అచ్చువేసి ఉన్న ఐఎస్ 694 (వైర్ల నాణ్యత ప్రమాణం), ఎఫ్‌ఆర్ (మంట తొందరగా పాకదని గుర్తు) అన్న అక్షరాలు, సైజు చదివించి మరీ కొనిపించారు. వంటింటి ప్లగ్గులకి 2.5 చదరపు మిల్లీమీటర్లు, గీజర్‌కి 4. వైర్లకి 5,400, ఆర్‌సీసీబీ 2,300, ఎంసీబీలు 800, పెద్ద సాకెట్లు స్విచ్చులతో సహా 900, పట్టీ, డబ్బాలు, మేకులు, టేపు 600. కూలి రోజుకి చాచాకి, హెల్పర్‌కి కలిపి 2,000 చొప్పున 4,000. మొత్తం 14,000. మా వంతు సాకెట్ల 900 పోను మిగిలిన 13,100 ముందు మేమే పెట్టి ఆగస్టు, సెప్టెంబరు అద్దెల్లో 6,550 చొప్పున తగ్గించుకునేలా మాట. షాపు బిల్లు అంకుల్ పేరు మీదే రాయించాం. ఆయనకి అది నచ్చింది.

19 రాత్రి పని అయిపోయిందని సంబరపడి లైట్లు వేస్తే ఆర్‌సీసీబీ టప్పున పడిపోయింది. పైకెత్తాం. హాల్లో ఫ్యాన్లు తిరుగుతాయి, ఫ్రిజ్ నడుస్తుంది. చిన్న గదిలో ట్యూబ్‌లైట్ వేయగానే ఇల్లంతా చీకటి. ఇన్ని వేలు పోసి చేయించింది ఇదా అని ప్రాణం ఉసూరుమంది. చాచాకి ఫోన్ చేస్తే తొణక్కుండా, "ఇన్వర్టర్ లైను బేటా. ఆ గది లైట్లు వేసుకోకండి, రేపొస్తా" అన్నారు.

మర్నాడు వచ్చి డీబీ విప్పి చెప్పారు. ఆర్‌సీసీబీ పని ఒక్కటే: తనలోంచి వెళ్ళిన కరెంటంతా తనలోంచే తిరిగి వస్తోందా లేదా అని చూడటం. 30 మిల్లీ యాంపియర్ల తేడా వస్తే చాలు, పడిపోతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఆ తేడానే వస్తుంది. మా ఇంట్లో ఎప్పుడో ఎవరో ఇన్వర్టర్ పెట్టినప్పుడు చిన్న గది ఫేజ్ ఒకచోట నుంచి, న్యూట్రల్ ఇంకోచోట నుంచి కలిపారు. ఆ న్యూట్రల్ ఆర్‌సీసీబీకి చెందకుండా పక్కనుంచి వెళ్ళిపోతోంది. దాన్ని వెతికి ఇటువైపు కలపడానికి పూట పట్టింది. అదనంగా డబ్బు అడగలేదు. ఇన్వర్టర్ ఉన్న పాత ఇళ్ళలో ఆర్‌సీసీబీ పెడితే ఇలా అవడం మామూలేనట. చాలామంది ఇక్కడే విసిగిపోయి దాన్ని పీకించేస్తారని చెప్పారు. దయచేసి పీకించకండి, ఆ న్యూట్రల్ వెతికించండి.

ఇక మిగిలింది కింద గొయ్యి. ఆర్‌సీసీబీ మా ఇంట్లో లీకుని పట్టుకుంటుంది గానీ, పక్కవాళ్ళ ఇంట్లోంచి ఎర్త్ వైరు మీదుగా వచ్చేదాన్ని పట్టుకోలేదు. కాబట్టి వాషింగ్ మెషిన్ అలాగే మూలన పడి ఉంది. 21వ తేదీ ఆదివారం అసోసియేషన్ మీటింగ్ అన్నారు. ఆ రోజు సికింద్రాబాద్ బోనాలు, సగం మంది లేరు. 24 సాయంత్రం పార్కింగ్‌లో కూడారు. "మీ ఫ్లాట్ సమస్య మీ ఓనరుతో తేల్చుకోవాలి" అనే మొదలుపెట్టారు సెక్రటరీ గారు. పైగా మేం అద్దెకున్నవాళ్ళం. ఆ చిన్నచూపు మాటల్లో తెలుస్తూనే ఉంది. నేను వాదించలేదు. చాచాని రమ్మన్నాను. ఆయన నేరుగా సెక్రటరీ గారి ఫ్లాట్‌లోకే వెళ్ళి వాళ్ళ వంటింటి ప్లగ్‌లో మీటర్ పెట్టారు. అక్కడా 80 దగ్గరే. అప్పుడు పై అంతస్తు ఆంటీ, "మా మెషిన్ కూడా ఏడాదిగా కొడుతోంది. నేను రబ్బరు చెప్పులేసుకుని వేస్తున్నా" అన్నారు. ఇంకొకరు మిక్సీ అన్నారు. ఇన్నాళ్ళూ ఎవరి మటుకు వాళ్ళు తమ ఇంట్లోనే ఏదో ఉందనుకుని సర్దుకుపోతున్నారు.

లీకు ఎవరింట్లోదో కూడా ఆ సాయంత్రమే తేలింది. ఒక్కో ఫ్లాట్ మెయిన్ ఆపుతూ మీటర్ చూశారు. మొదటి అంతస్తులో ఒక ఇల్లు ఆపగానే అంకె ఒక్కసారిగా పడిపోయింది. వాళ్ళ పాత ఫ్రిజ్. కంప్రెసర్ ఆడినప్పుడల్లా లీకవుతోంది, అందుకే మాకు వచ్చి పోతూ ఉండేది. ఫ్రిజ్‌కి ప్లాస్టిక్ స్టాండు, ప్లాస్టిక్ పిడి ఉన్నాయి. అందుకే వాళ్ళకి తెలియనే లేదు. పాపం ఆ అమ్మాయి చేతులు పట్టుకుని "సారీ అక్కా" అంది. ఇందులో ఆమె తప్పేముంది? ఆ వారంలోనే రిపేరు చేయించుకున్నారు.

గొయ్యి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బిల్డరు జాడ లేడు, ప్లాను లేదు. పార్కింగ్‌లో టైల్స్ వేయించినప్పుడు కప్పేశారు. చివరికి వాచ్‌మన్ భార్య చెప్పింది, "బండ్లు పెట్టేకాడ ఉండెనమ్మా, నేను దాంట్లో నీళ్ళు పోస్తుంటి" అని. జూలై 30న అక్కడ రెండు టైల్స్ పగలగొడితే చిన్న సిమెంటు గూడు కనబడింది. నట్టు దగ్గర ఇనుప పట్టీ పట్టుకుంటే బిస్కెట్‌లా విరిగి చేతిలోకి వచ్చింది. లోపల మట్టి ఎండిపోయి గట్టిగా ఉంది. పక్కనే కొత్త గొయ్యి తీసి రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా నింపి, నీళ్ళు పోసి, కొత్త పట్టీని మీటర్ బోర్డు దాకా బిగించారు. రెండు రోజుల పని. 9,000 అయింది, ఫ్లాట్‌కి 750. మాది అంకుల్ నేరుగా సెక్రటరీ గారికి పంపించారు. ఈసారి గూటికి సిమెంటు మూత పెట్టించారు, ఎండాకాలంలో వారానికోసారి బకెట్ నీళ్ళు పోయమని వాచ్‌మన్‌కి అప్పగించారు.

ఆగస్టు 1న చాచా మా హాల్లో అదే ప్లగ్‌లో మీటర్ పెట్టారు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 1.8. ఇంకోసారి పెట్టమన్నాను. అంతే. ఆర్‌సీసీబీ మీద 'టీ' అని ఉన్న బటన్ నాచేతే నొక్కించారు, టప్పున పడింది. నెలకోసారి అలా నొక్కి చూసుకోమన్నారు. పడకపోతే అది పనిచేయట్లేదని లెక్క.

మా చేతి నుంచి పోయింది మొత్తం మీద మూడున్నర వేలు: మొదటి కుర్రాడికి, యాప్‌కి, గీజర్‌కి, చాచా మొదటిసారి చూసినందుకు, సాకెట్లకి. డబ్బు కంటే నలిపేసింది ఎదురుచూపులే. జవాబు లేని మెసేజ్‌లు, "రేపొస్తా" అని రానివాళ్ళు, రోజూ స్నానానికి ముందు పాప "ఇప్పుడు కరవదు కదా" అని అడగడం. పాప ఇప్పటికీ నల్లాని తువ్వాలుతోనే తిప్పుతుంది. తొందరపెట్టట్లేదు.

ఇంకా ఒక పని మిగిలే ఉంది. పెద్ద గదిలో ఏసీ పాయింట్ వైరు పాతదే. కూలర్‌తో గడుపుతున్నాం కాబట్టి దాన్ని ఇప్పుడు ముట్టుకోలేదు. జనవరిలో అగ్రిమెంట్ రెన్యూవల్ ఉంది. "చిన్న రిపేర్లు" అన్న మాట తీసేసి, వైరింగ్, ఎర్తింగ్ ఓనరువి, స్విచ్చులు, బల్బులు, మా సామాన్లు మావి అని విడివిడిగా రాసుకుందామని అంకుల్‌తో అన్నాను, సరేనన్నారు. ఏసీ లైను సంగతి కూడా అందులోనే రాయిస్తాను. చాచాకి ఇప్పుడే చెప్పి ఉంచాను, మాఘమాసం పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు మొదలవకముందే వచ్చి చేసి వెళ్ళమని.